గ్రూపు చర్చ పెడితే ఒక్కరే మాట్లాడుతున్నారు, మిగతా పిల్లలను ఎట్లా కదిలించాలి?

పరకాల_సోషల్_టీచర్ · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పరకాల దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. ఏడో తరగతిలో 46 మంది. ఈ ఏడాది నుంచి వారానికి రెండు పీరియడ్లు గ్రూపు చర్చకే పెట్టుకున్నాను. ఆరుగురేసి కూర్చోబెడతాను, ఒక ప్రశ్న ఇస్తాను, పది నిమిషాల తర్వాత ప్రతి గ్రూపు నుంచి ఒకరు లేచి చెప్పాలి.

ప్రతి గ్రూపులో ఒకరు మాట్లాడతారు. చేతిరాత బాగున్న ఇంకొకరు రాస్తారు. మిగతా నలుగురు ఉత్తగా కూర్చుంటారు. నేను దగ్గరికి పోగానే నాలుగు తలలూ పుస్తకంలోకి వంగుతాయి, పక్క గ్రూపుకు పోగానే లేస్తాయి.

మొన్న గురువారం కాకతీయుల పాఠం. "కాకతీయులు చెరువులు ఎందుకు తవ్వించారు?" అని ఇచ్చాను. చివరి వరుసలో ఒక అమ్మాయి ఉంది, బడి తెరిచినప్పటి నుంచి నాతో పది మాటలు కూడా మాట్లాడి ఉండదు. పక్కన కూర్చుని "నువ్వేమనుకుంటున్నావమ్మా?" అని అడిగాను. "మా గ్రూపుల ఆయన చెప్పిండు కద మేడం" అంది. "అతను చెప్పింది సరే, నువ్వేమనుకుంటున్నావు?" అన్నాను. నా ముఖం దిక్కు చూసి ఊరుకుంది. తాను కూడా ఏదో ఒకటి అనుకోవచ్చని ఆ పిల్లతో ఇంతవరకు ఎవరూ అనలేదేమో అనిపించింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చర్చ మానేసి మళ్లీ నేనే చెప్పుకుంటూ పోవడం సులువే. ఆ పని చేయబుద్ధి కావడం లేదు. మీ క్లాసుల్లో ఎట్లా నడుపుతున్నారో చెప్పండి.

కాజీపేట_ఫిజిక్స్ · సోమవారం రాత్రి 10:15

మేడం, నా సలహా ఒక్కటే. చర్చకు ముందు రెండు నిమిషాలు మౌనం. ప్రతి ఒక్కరూ తమ జవాబు తమ నోట్సులో రాసుకోవాలి, తప్పైనా సరే. తనదంటూ ఏమీ లేకుండా గ్రూపులో కూర్చున్న పిల్ల ఏం మాట్లాడుతుంది? తెలిసినవాడు చెప్పింది వింటుంది.

నేను చేసేది చెప్తాను. బోర్డు మీద ఇట్లా రాస్తాను: "బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. పైకి పోయి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో దాని త్వరణం ఎంత? ఒకటి, సున్నా. రెండు, కిందివైపు గురుత్వ త్వరణం. మూడు, పైవైపు అంతే త్వరణం." ముందు ఎవరిది వాళ్లు రాసుకుంటారు. నేను "చూపించండి" అనగానే వేళ్లు ఛాతీకి ఆనించి చూపించాలి, పక్కవాడికి కనబడకుండా. ఏ ఏడాది అడిగినా సగానికి పైగా ఒక వేలే చూపిస్తారు. బంతి ఆగింది కదా, అన్నీ సున్నానే అనుకుంటారు. నేను జవాబు చెప్పను. "నీకంటే వేరే జవాబు రాసినవాళ్లను వెతుక్కో, మూడు నిమిషాల్లో ఒప్పించు" అంటాను. తర్వాత మళ్లీ వేళ్లు.

పోయిన ఏడాది మూడో బెంచీ పిల్లవాడు పక్కవాడితో అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "పైన త్వరణం గూడ సున్నా అయితే బంతి అక్కడ్నే నిలబడాలె గదరా, కిందికి ఎట్ల వస్తది?" ఇన్నేళ్లుగా నేను ఇదే సంగతి సమీకరణాలతో చెప్తున్నాను. ఆ ఒక్క మాటతో ఆ బెంచీ అంతా రెండో వేలు లేపింది.

ఈ పద్ధతి హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టింది. ఆయన విద్యార్థులు సూత్రాలు పెట్టి కష్టమైన లెక్కలు చేసేసేవాళ్లు, అదే విషయం మామూలు మాటల్లో అడిగితే తడబడేవాళ్లు. అది చూసి లెక్చర్ తగ్గించి ఈ దారి పట్టాడు. మొదటి ఓటులో సరైన జవాబు 30 శాతం లోపే వస్తే చర్చ పెట్టొద్దు, పాఠమే మళ్లీ చెప్పాలి అంటాడు. 70 దాటితే చర్చతో పని లేదు, ముందుకు పోవచ్చు. మధ్యలో ఉన్నప్పుడే మాట్లాడించాలి. నేను దీన్ని చాలా గట్టిగా పాటిస్తాను. ఎవరికీ తెలియని విషయం మీద చర్చ పెడితే పిల్లలు తప్పులే పంచుకుంటారు.

రిటైర్డ్_హెచ్చెం_నర్సంపేట · మంగళవారం ఉదయం 6:05

అమ్మా, ఏమీ అనుకోవద్దు, మీ ప్రశ్నలోనే ఇబ్బంది ఉంది. "చెరువులు ఎందుకు తవ్వించారు" అన్నదానికి పుస్తకంలో ఒక లైను జవాబు ఉంటుంది. ఆ లైను ముందు ఎవరికి దొరికితే వాళ్ల దగ్గర చర్చ అయిపోయినట్టే. మిగతా ఐదుగురికి పనేముంది?

ఇట్లా అడిగి చూడండి. "మీ ఊరి చెరువు ఈసారి సగమే నిండింది. తూము ఎత్తితే ముందు ఎవరి పొలానికి నీళ్లు పోవాలి? తూము పక్కనున్న వాళ్లకా, ఆయకట్టు చివరనున్న వాళ్లకా?" దీనికి జవాబు పుస్తకంలో లేదు, ఇంట్లో తాత దగ్గర ఉంది. ఊళ్లో చెరువు నీళ్లు వదిలే నీరటికాడి సంగతి వస్తుంది, వంతులు వస్తాయి, కట్ట, అలుగు, పూడిక అన్నీ వాటంతట అవే వస్తాయి. ఆ తర్వాత కాకతీయుల కాలంలో చెరువు కట్టించిన వాళ్లకు దశబంధం కింద భూమి ఎందుకిచ్చారో మీరు చెప్తే పిల్లల మనసుకు ఎక్కుతుంది.

ఇంకో మాట. ఆరుగురు ఎక్కువ, నలుగురికి మించొద్దు. ఆరుగురిలో ఇద్దరు దాక్కోవచ్చు, నలుగురిలో దాక్కోలేరు. బల్లలు జరపొద్దు. జరపడానికి ఐదు నిమిషాలు, మళ్లీ సర్దడానికి ఐదు నిమిషాలు పోతాయి, పక్క క్లాసు నుంచి ఫిర్యాదు వస్తుంది. ముందు బెంచీవాళ్లు వెనక్కి తిరిగితే గ్రూపు తయారు.

1990ల్లో ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) శిక్షణలు తీసుకున్నవాణ్ని. బ్రిటిష్ నిధులతో నడిచిన ప్రాజెక్టు అది. ఆ తర్వాత డీపీఈపీ (జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం) మొదటి విడతలోనే మన వరంగల్, కరీంనగర్ జిల్లాలు ఉన్నాయి. కృత్యాలు, గ్రూపు పని, టీచర్ సెంటర్లు అప్పుడే వచ్చాయి. ఎంతో ఉత్సాహంగా పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టాం. కొన్నాళ్లకు నేనే ఒక బడికి చూడబోతే నాలుగు వలయాల్లో పిల్లలు కూర్చుని ఎవరి పలక మీద వాళ్లు బోర్డులో ఉన్నది ఎక్కించుకుంటున్నారు. కూర్చునే తీరు మారింది, పని మారలేదు. ఆ దృశ్యం నన్ను చాలా ఏళ్లు బాధపెట్టింది. అందుకే గ్రూపు ఎట్లా కూర్చుంది అని ఎవరైనా అడిగితే నేను ముందు ప్రశ్న ఏమిచ్చారు అని అడుగుతాను.

ఇద్దరు_పిల్లల_తల్లి_హన్మకొండ · మంగళవారం మధ్యాహ్నం 1:20

టీచర్ల మధ్యలో మాట్లాడుతున్నందుకు ఏమనుకోకండి. మా పెద్దబాబు ఎనిమిదో తరగతి. చదువులో ముందుంటాడు. ప్రతి గ్రూపులో వాణ్నే లీడర్ చేస్తున్నారు. ఇంటికొచ్చి "అమ్మా, నేనే అందరికీ చెప్పాలి, నాకు ఎవరూ చెప్పరు" అంటాడు. మేం ఫీజు కట్టేది వాడు నేర్చుకోవడానికి కదా. వెనకబడ్డ పిల్లలకు చెప్పడం మంచిదే, కాదనను. కానీ మా వాడి టైం సంగతేంటి? టెన్షన్‌గా ఉంది.

జమ్మికుంట_లెక్కలు · మంగళవారం సాయంత్రం 7:50

అమ్మా, మీ భయం న్యాయమైనదే, ప్రతి పేరెంట్స్ మీటింగులో ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. కాలిఫోర్నియాలో నొరీన్ వెబ్ అనే పరిశోధకురాలు గ్రూపుల్లో పిల్లలు ఒకరికొకరు చెప్పుకునే మాటలనే ఏళ్ల తరబడి గమనించింది. ఎందుకో ఎట్లాగో విడమరచి చెప్పిన పిల్లలు బాగా నేర్చుకుంటున్నారు. అడిగిన పిల్లకు వివరణ లేకుండా ఉత్త జవాబు పడేస్తే మాత్రం ఆ పిల్లకు మేలు జరగడం లేదు. కాబట్టి మీ బాబు విడమరచి చెప్తుంటే నష్టపోవడం లేదు. నోట్సు ఇచ్చి ఎక్కించుకోమంటుంటే ఇద్దరూ నష్టపోతున్నారు.

మా ఆరో తరగతిలో జరిగింది చెప్తాను. 1/2 + 1/3 ఎంత? పైవి పైవి, కిందివి కిందివి కూడేసి 2/5 అని చాలామంది రాశారు. ఫస్టు వచ్చే పిల్లవాడు కసాగు తీసి 5/6 అని చకచకా చేసి చూపించాడు. పక్కనున్న అమ్మాయి ఒప్పుకోలేదు. "నీది ఎందుకు కరెక్టు, నాది ఎందుకు తప్పు?" అంది. వాడు మళ్లీ కసాగే చెప్పాడు. ఆమె మళ్లీ ఎందుకంది. అప్పుడు వెనక బెంచీ నుంచి, లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులొచ్చే పిల్లవాడు జొన్న రొట్టె లెక్కన చెప్పాడు. "సగం రొట్టె ఉంది, దానికి ఇంకింత కలిపినం. 2/5 అంటే సగం కంటే తక్కువ. కలిపితే తక్కువ ఎట్లయితది?"

క్లాసంతా నిశ్శబ్దం. ఫస్టు వచ్చే పిల్లవాడు చాలాసేపు ఆలోచించి "అవును సార్, నేను అట్ల చూడలే" అన్నాడు. ఆ రోజు ఎక్కువ నేర్చుకున్నది వాడే అని నా నమ్మకం. లెక్క వాడికి ముందే వచ్చు. జవాబు సరైనదా కాదా అని లెక్క చేయకుండానే పసిగట్టవచ్చని ఆ రోజే తెలిసింది.

లీడర్ విషయంలో మాత్రం మీ వైపే ఉన్నాను. ఎప్పుడూ ఒకరినే లీడర్ చేయడం తప్పు. నేను గ్రూపులో అందరికీ ఒకటి నుంచి నాలుగు దాకా నంబర్లిస్తాను. చర్చ అయ్యాక చీటీ తీస్తాను. మూడు వస్తే ప్రతి గ్రూపులో మూడో నంబరు లేచి చెప్పాలి. చీటీ ఎవరికి వస్తుందో తెలియదు కాబట్టి నలుగురికీ వచ్చేదాకా తెలిసినవాడు వదలడు, తెలియనివాడు అడగడానికి సిగ్గుపడడు.

భూపాలపల్లి_ఇంగ్లిష్ · మంగళవారం రాత్రి 9:05

అన్నీ బాగున్నాయి సార్, సిలబస్ ఎప్పుడు అయిపోతుంది? పదో తరగతికి ఇవన్నీ పెట్టగలమా?

కాజీపేట_ఫిజిక్స్ · మంగళవారం రాత్రి 9:30

రోజూ పెట్టలేం. నేను పాఠానికి రెండే ప్రశ్నలు పెట్టుకుంటాను, ఒక్కోదానికి ఏడెనిమిది నిమిషాలు. పిల్లలు ఎప్పుడూ ఎక్కడ తప్పు చేస్తారో అక్కడే. మిగతాది మామూలుగా చెప్పేస్తాను.

తండా_బడి_మానుకోట · బుధవారం ఉదయం 7:10

మాది ప్రైమరీ. మహబూబాబాద్ వైపు ఒక తండా బడి. ఇక్కడ చర్చ అనగానే ముందు వచ్చేది భాష. ఒకటో తరగతికి వచ్చే పిల్ల ఇంట్లో లంబాడీల భాష గోర్ బోలి మాట్లాడుతుంది, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంకో రకం తెలుగు, ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం. "మాట్లాడండి" అంటే ఏ భాషలో మాట్లాడాలి?

మొదట్లో నేను తెలుగులోనే మాట్లాడాలని పట్టుబట్టేదాన్ని. గ్రూపులన్నీ మూగబోయేవి. ఒకరోజు విత్తనాలు మొలకెత్తే పాఠం. రెండు గ్లాసుల్లో పెసలు వేశాం, ఒకదాంట్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో పోయకుండా. నేను రిజిస్టర్ రాసుకుంటున్నాను. పిల్లలు గ్లాసుల చుట్టూ చేరి వాళ్ల భాషలో ఒకటే వాదన. నాకు సగమే అర్థమైంది. అంత మాట్లాడతారని నాకు ఆ రోజే తెలిసింది. అప్పటినుంచి గ్రూపులో ఏ భాషైనా సరే అన్నాను. నాకు చెప్పేటప్పుడు తెలుగు, మాట దొరక్కపోతే మధ్యలో వాళ్ల మాటే పెట్టి చెప్పొచ్చు. ఆ మాటకు తెలుగు మాట నేనిస్తాను, బోర్డు మీద రెండూ పక్కపక్కనే రాస్తాను. గోర్ బోలి మాట తెలుగు లిపిలో రాస్తుంటే పిల్లల ముఖాలు చూడాలి.

2020లో బడులు మూసినప్పుడు సెప్టెంబర్ నుంచి ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు వచ్చేవి కదా. మా తండాలో కొన్ని ఇళ్లలోనే టీవీ. ఒక్కో ఇంట్లో నలుగురైదుగురు చూసేవాళ్లు. నేను పోయి పాఠం అయ్యాక అరుగు మీద దూరదూరంగా కూర్చోబెట్టి "ఏం చూశారో ఒకరికొకరు చెప్పుకోండి" అనేదాన్ని. ఒంటరిగా ఇంట్లో చూసిన పిల్లలకు, అరుగు మీద కూర్చుని చెప్పుకున్న పిల్లలకు తేడా బడి తెరిచాక నాకు స్పష్టంగా కనబడింది.

పరకాల అక్కా, మీ చివరి వరుస అమ్మాయి ఇంట్లో ఏ భాష మాట్లాడుతుందో కనుక్కున్నారా?

పరకాల_సోషల్_టీచర్ · బుధవారం ఉదయం 8:00

ఇంట్లో తెలుగే. కానీ మీ ప్రశ్న నన్ను ఆపింది. ఆమె మాట్లాడే తెలుగు, మా పుస్తకం తెలుగు ఒకటి కాదు. "గట్ల అనొద్దు, అలా అనాలి" అని నేనే ఎన్నిసార్లు సరిదిద్దానో.

బీఈడీ_హన్మకొండ · బుధవారం రాత్రి 11:30

మేడం, నేను బీఈడీ సెకండియర్, పక్కన డీఎస్సీకి కూడా చదువుకుంటున్నాను. హన్మకొండలో లైబ్రరీకి వచ్చే నలుగురం కలిసి చదువుతాం. (మన ఊళ్లో గ్రంథాలయంలో కూర్చుని చదవడం కొత్తేం కాదు, రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం 1904లోనే పెట్టారు.) మొదట్లో నలుగురం ఒకే పాఠం చదివి మాట్లాడుకునేవాళ్లం. అందరికీ తెలిసిందే అందరం చెప్పుకోవడం, పది నిమిషాల్లో మాట సినిమాల మీదికి, నోటిఫికేషన్ ఎప్పుడు అన్నదాని మీదికి పోయేది. ఇప్పుడు పాఠాన్ని నాలుగు ముక్కలు చేసి ఒక్కొక్కరం ఒక్కో ముక్క చదివి వస్తాం. నేను చదవకుండా పోతే ముగ్గురికి ఆ ముక్క రాదు. ఆ భయానికైనా చదువుతాను.

మా కాలేజీలో చెప్పాక తెలిసింది, దీనికి జిగ్‌సా అని పేరుందట. 1971లో అమెరికాలో టెక్సస్ రాష్ట్రం ఆస్టిన్‌లో ఎలియట్ అరోన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మొదలుపెట్టాడు. నల్లవాళ్ల పిల్లలు, తెల్లవాళ్ల పిల్లలు, మెక్సికన్ పిల్లలు మొదటిసారి ఒకే క్లాసులో కూర్చున్నారు, ఒకరంటే ఒకరికి పడదు. ఒకరి ముక్క లేకుండా ఇంకొకరికి పాఠం పూర్తి కాకుండా చేశాడు. అప్పటిదాకా ఎగతాళి చేసిన పిల్లవాడు చెప్పేది వినక తప్పలేదు.

మీకు రామప్ప గుడి సరిగ్గా సరిపోతుంది. ఒకరికి శాసనం ముక్క: 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఒకరికి శిఖరానికి వాడిన, నీళ్లలో తేలే తేలిక ఇటుకలు. ఒకరికి ఇసుక నింపిన పునాది. ఒకరికి మదనికలనే స్త్రీ శిల్పాలు, ఆ నల్లరాయి చెక్కడం. గ్రూపుకు ఒకే ప్రశ్న: "ఇంత బరువైన గుడి ఎనిమిది వందల ఏళ్లు ఎట్లా నిలబడింది?" ఏ ఒక్క ముక్కతోనూ జవాబు పూర్తి కాదు. ఇటుక తెలిసినవాడు, పునాది తెలిసినవాడు మాట్లాడుకోవాల్సిందే.

రిటైర్డ్_హెచ్చెం_నర్సంపేట · గురువారం ఉదయం 5:50

బాబూ, చాలా బాగా చెప్పావు. నువ్వు త్వరగా బడికి రావాలి.

పరకాల_సోషల్_టీచర్ · తర్వాతి శనివారం రాత్రి 8:45

తొమ్మిది రోజులు ఆగి రాస్తున్నాను, చేసి చూశాకే రాయాలని.

రామప్ప ముందు పెట్టాను. నలుగురేసి, ముందు బెంచీ వెనక్కి తిరిగి. మొదటి రోజు సగం చెడింది. ఆ రోజు ఐదుగురు బడికి రాలేదు, ఊళ్లో పత్తి ఏరుతున్నారు. ఇసుక పునాది ముక్క ఉన్న పిల్లలే రాకపోవడంతో రెండు గ్రూపుల్లో పాఠం ఆగిపోయింది. మర్నాటి నుంచి ఒక్కో ముక్క ఇద్దరికిచ్చాను. ఇంకో పొరపాటు కూడా నాదే. ముక్క చదివి అర్థం చేసుకోవడానికి టైం ఇవ్వకుండా నేరుగా గ్రూపుకు పంపాను, పిల్లలు కాగితం చూసి గడగడా చదివేశారు. రెండోసారి, ఇటుక ముక్క వచ్చిన వాళ్లందరినీ ముందు ఒక మూల కూర్చోబెట్టి, కాగితం మూసి ఒకరికొకరు చెప్పుకోమన్నాను. "శిఖరం తేలిగ్గుంటే కింద గోడల మీద బరువు తక్కువ పడ్తది" అని ఒకడు, "అయితే భూమి కదిలినా ఇసుక సర్దుకుంటది" అని ఇంకొకడు. ఇద్దరి మాటా కలిపింది మూడో అమ్మాయి. నేను పక్కన నిలబడి విన్నాను, నోరు తెరవలేదు. ఊరుకోవడం నాకు ఎంత కష్టమైందో చెప్పలేను.

చెరువు ప్రశ్న గురువారం పెట్టాను. హెచ్చెం సార్ చెప్పినట్టే, ఇంట్లో అడిగి రమ్మని ముందురోజే చెప్పాను. కాజీపేట సార్ చెప్పినట్టు రెండు నిమిషాలు మౌనంగా రాయించాను. తండా బడి చెల్లె చెప్పిందీ పాటించాను, ఎవరి మాటలో వాళ్లు మాట్లాడమన్నాను, నేను ఒక్క మాట కూడా సరిదిద్దలేదు. చర్చ అయ్యాక చీటీ తీశాను. రెండు వచ్చింది.

ఆ గ్రూపులో రెండో నంబరు చివరి వరుస అమ్మాయి. లేచి నిలబడింది. నోట్సు చూడలేదు. వాళ్ల తాత ఊరి చెరువుకు నీరటికాడట, నాకు ఇన్నాళ్లూ తెలియదు. "చెరువు సగమే నిండితే తూము రోజూ ఎత్తద్దు. వంతు పెట్టుకోవాలె. మొదటి వంతు చివరి మడికి ఇయ్యాలె మేడం. ముందు మనమే పారిచ్చుకుంటే వాళ్లదాకా నీళ్లు రానే రావు, రాత్రిపూట వచ్చి తూము కాడ కొట్లాట పెడ్తరు. తాత చెప్పిండు" అంది. గ్రూపుల "ఆయన", అదే రోజూ మాట్లాడే పిల్లవాడు, చెయ్యి లేపి "మరి చివరి మడిదాకా పోతుంటే కాల్వలనే సగం నీళ్లు ఇంకిపోతయ్ గద, అది దండుగ కాదా?" అని అడిగాడు. నాకైతే జవాబు తోచలేదు.

ఆమె కాసేపు ఆలోచించి, "అది మా తాతను అడిగి రేపు చెప్త" అని కూర్చుంది.

జమ్మికుంట_లెక్కలు · శనివారం రాత్రి 9:10

మేడం, తాత ఏమన్నాడు?

పరకాల_సోషల్_టీచర్ · శనివారం రాత్రి 9:25

నిన్న పొద్దున ప్రార్థన కాకముందే స్టాఫ్ రూం దగ్గరికి వచ్చింది సార్. కాల్వ పొడిగా ఉంటేనే నీళ్లు ఇంకుతాయట, ఒకసారి తడిసి నానితే తర్వాతి వంతులకు అంత ఇంకవట. అందుకే ముందు చివరిదాకా పారిస్తారట. "ఆయనకు నేనే చెప్త మేడం, మీరు చెప్పకుండ్రి" అంది.